ఊడ్వని ఆంప్లిఫయర్

జానీ పాషా రేడియో దుకాణం తెరిచేది పొద్దున ఎనిమిదింటికి. దుకాణంలో పని మొదలయ్యేది ఆరింటికి. జానీ పాషా నిద్ర లేచేది ఏడున్నరకు. సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో ఈ మూడు ముక్కలూ అందరికీ తెలిసినవే. కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసే పాపానికి ఎవరూ ఒడిగట్టలేదు. చూస్తే, ఆ రేడియోలు బాగుచేస్తున్నది ఎవరో తేలిపోతుంది. తేలాక ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. ఊళ్లో మర్యాదస్తులకు అనడం కన్నా ఊరుకోవడమే అలవాటు.

ఆరింటికి లేచేది అతని భార్య షమ్షున్నీసా. దుకాణానికీ ఇంటికీ నడుమ ఒక పరదా ఉంటుంది. ఇవతల కౌంటరు, గాజు అల్మారా, అందులో మూడేళ్లుగా అమ్ముడుపోని టార్చిలైట్లు. అవతల చిన్న గదిలో చెక్కబల్ల, సోల్డరింగ్ కడ్డీ, పేగులు బయటపెట్టుకుని పడున్న రేడియోలు. ఆమె పొద్దున్నే తప్పక చేసే పని ఊడ్వడం. నేల సంగతి తర్వాత, ముందు రేడియోలు.

ఏ సెట్టులోనైనా మోగిన మోత ఊరికే పోదు కదా. పిండిమరలో తవుడు మిగిలినట్టు లోపల పొట్టు పొట్టుగా పేరుకుంటుంది. వార్తలు, వ్యవసాయ కార్యక్రమంలో చెప్పిన ధరలు, క్రికెట్ కామెంటరీ, సెట్టు ముందు కూర్చుని ఇంటివాళ్లు పడిన కొట్లాటలు, అన్నీ అందులోనే ఉంటాయి. మూత విప్పి ఉంటే బల్ల ముందు ఎవరు ఏం మాట్లాడినా అదీ వచ్చి పడుతుంది. ఆ బూడిదరంగు పొట్టును చేర్యాలలో బట్ట మీద బొమ్మలు గీసే నకాషీల దగ్గర కొన్న ఉడుత వెంట్రుకల కుంచెతో మెల్లగా దులిపి, పేపరు మీద రాల్చుకుని, మోరీ కాలువలో పోయాలి. మోరీ కాసేపు గొణిగి ఊరుకుంటుంది. దులపకుండా మూత బిగిస్తే సెట్టు వేడెక్కినప్పుడు ఆ పొట్టు మళ్లీ నోరు తెరుస్తుంది. అందుకే మెకానిక్కులకు ఒక కట్టుబాటు ఉంది. ఊడ్వడం అన్నిటికన్నా చివరి పని. కుంచె పట్టింది మొదలు మూత బిగించేదాకా నోరు మెదపకూడదు. జానీ పాషాకు ఈ విద్య అబ్బకపోవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

పక్కన మిర్చీలు వేసే సాయవ్వకు మాత్రం దీని మీద ఒక ఫిర్యాదు ఉండేది.

"షమ్షూ, మొన్న నీ పొట్టు గాలికి లేశి నా పిండిల పడ్డది. మిర్చి కొరికినోనికల్లా పత్తి ధర వినవడుతున్నది. జర చూసి పొయ్యి బిడ్డా."

"మంచిదే గద అవ్వా, పైసలు దీస్కోకుంట వార్తలు జెప్తున్నవ్," అనేది షమ్షున్నీసా.

ఆమె పుట్టి పెరిగింది చిన్నకోడూరులో. తండ్రి గ్రామపంచాయతీల రేడియోలు, పెళ్లిళ్ల మైకుసెట్లు బాగుచేసేవాడు. కొడుకులు లేక కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పదేళ్లకే ఆమెకు రేడియో లోపలి గాజు వాల్వుల్లో ఏది ఎందుకు చచ్చిందో వాసన చూసి చెప్పడం వచ్చింది. ఊరంతా తెలుగు ఇళ్లు కావడంతో ఇంట్లో ఉర్దూ నేర్చినా, తిట్టాలంటే తెలుగే నోటికొచ్చేది. పెళ్లప్పుడు ఆ సోల్డరింగ్ కడ్డీని బట్టల మడతల్లో పెట్టుకుని అత్తారింటికి తెచ్చుకుంది. అత్తారింట్లో రేడియో దుకాణం ఉందని తెలిసి సంతోషపడింది. ఆ దుకాణంలో కూర్చునే మనిషికి పాజిటివ్ ఏదో నెగెటివ్ ఏదో తెలియదని పెళ్లయిన వారానికి తెలిసింది.

జానీ పాషా చెడ్డవాడేం కాదు. చెడ్డతనానికి కూడా కాస్త పనితనం కావాలి. ఎనిమిదింటికి అత్తరు రాసుకుని, జేబుకు టెస్టరు తగిలించుకుని కౌంటరులో కూర్చునేవాడు. ఎవరైనా రేడియో తెస్తే చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు, ఎంబీబీఎస్ డాక్టరు లెక్క. "రేపు రా" అనేవాడు. మర్నాడు రేడియో పాడేది. "పాషాభాయ్, నీ చేతిల ఏందో ఉన్నది" అనేవాళ్లు వచ్చినవాళ్లు. కొత్తలో ఆ మాటకు కొంచెం తల దించుకునేవాడు. పోను పోను తల దించడం మానేశాడు. పన్నెండేళ్లు అదే మాట వినీ వినీ చివరికి నమ్మేశాడు. రిపేర్లన్నీ తనే చేస్తున్నాడని, పెళ్లాం లోపల తుడుపులూ ఊడుపులూ చూసుకుంటున్నదని అతనికి నిజంగానే నమ్మకం కుదిరింది. అబద్ధం ఆడేవాడిని పట్టుకోవచ్చు గానీ ఇలాంటివాడిని ఎక్కడ పట్టుకుంటాం.

షమ్షున్నీసా ఏమీ అనేది కాదు. మొగుడితో అనేది కాదు, అంతే. మూత విప్పిన సెట్టుతో మాత్రం అన్నీ అనేది. కడ్డీ వేడెక్కేలోపు కడుపులో ఉన్నదంతా అందులో కక్కేసేది. ఎలాగూ చివరికి ఊడ్చి మోరీలో పోసేదే కదా అని ఆమె ధీమా. మొగుడి పేరు ఆడది నోటితో పలకకూడదని ఊరి రివాజు. ఆమె సెట్టు ముందు పేరు పెట్టే తిట్టేది.

ఎనభై ఎనిమిది ఎండాకాలంలో ఆ దుకాణం ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి దామోదర్ దిగాడు.

దామోదర్‌ది నంగునూరులో భూములున్న ఇల్లు. చదువుకని హైదరాబాదుకు పోయి ఆరేళ్లు హాస్టల్లో ఉండి, ఒక గిటారు పట్టుకుని తిరిగొచ్చాడు. డిగ్రీ రాలేదు. గిటారు కూడా రాలేదు, ఒక పాటలో సగం వచ్చింది. అది కూడా ఏ సగమో వినేవాళ్లకు తెలిసేది కాదు. తర్వాత రైసుమిల్లు పెట్టాడు, ఖద్దరు కట్టాడు, ఇప్పుడు బస్టాండు ఎదురుగా పన్నెండు దుకాణపు మల్గీల కాంప్లెక్సు కట్టించాడు. వచ్చే మునిసిపల్ ఎన్నికల మీద కన్నేశాడు. కాంప్లెక్సు ప్రారంభం రోజున తనే స్టేజీ మీద గిటారు వాయించాలని అతని ముచ్చట. వద్దని చెప్పేవాళ్లు లేక కాదు. చెప్పినవాళ్లకు మల్గీ కిరాయికి దొరకదు.

జీపు వెనక నుంచి ఇద్దరు మనుషులు ఒక పెట్టె దించారు. ముందు భాగాన బంగారు రంగు జాలీ, పైన తోలు పిడి, పిడికి బూజు. సికింద్రాబాదులో మూతపడిన ఏదో దొరల క్లబ్బు సామాను అమ్ముతుంటే దామోదర్ చవగ్గా కొట్టేసిన గిటారు ఆంప్లిఫయర్ అది. ముప్పై ఏళ్ల నాటి వాల్వుల సెట్టు. ప్లగ్గు పెడితే గుర్రుమని, కాస్త పొగ వదిలి, చచ్చింది.

"జానీ, గిది లండన్ మాలు. ఐతారం నాటికి మోగాలె," అన్నాడు దామోదర్. జేబులోంచి రెండు వందలు తీసి కౌంటరు మీద పెట్టాడు. "గిందుల్నే సామాను, గిందుల్నే నీ కూలి. ఎక్కువ అడగకు, కాంప్లెక్సుకే మస్తు ఖర్చయింది."

"మీరు జెప్పాల్నా పటేలా," అన్నాడు జానీ పాషా.

"మంచిగ జేశినవనుకో, మొదటి మల్గీ నీకే. ఏడాది దాంక కిరాయి వద్దు. స్టేజీ మీద నీ పేరు జెప్త. గీ గల్లీల ఎందుకు కుళ్లుడు? బస్టాండు ముంగట కూసో, మొగోని లెక్క."

జీపు పోయాక జానీ పాషా పరదా ఎత్తి లోపలికొచ్చాడు. అతని మొహం వెలిగిపోతున్నది.

"ఇన్నవా? మల్గీ ఇస్తడంట. ఈడ దుకాణం బంద్. సామానంత ఆడికి తీస్కపోత."

"ఆ మల్గీ వెనకాల అర్ర ఉన్నదా?" అని అడిగింది షమ్షున్నీసా.

"అర్ర ఎందుకు? ఒక షట్టరు, నాలుగు గోడలు. సడక్ మీదికి ఉంటది."

"మరి నేనేడ కూసోవాలె?"

జానీ పాషాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "నువ్వెందుకు కూసునుడు? ఇంట్ల ఉండు. పన్నెండేండ్లు నాకు సాయం జేశినవ్, సాలు. ఇగ ఆరాం జెయ్యి."

సాయం అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అతను నటిస్తున్నాడేమోనని మొహంలోకి చూసింది. నటన లేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. ఈ పెట్టెను బాగుచేస్తే కడ్డీ అతని చేతికి పోతుంది, తన చేతికి గరిట మిగులుతుంది. రెండు నెలల్లో అతను పది రేడియోలు కాల్చి దుకాణం ముంచుతాడు, అది వేరే సంగతి. కానీ ఆ బల్ల, ఆ గంట పొద్దు, చచ్చిన సెట్టు గొంతు విప్పే ఆ క్షణం ఉంటాయే, అవి పోతే ఆమెకు ఇంకేం లేదు. వాళ్ల ఇద్దరు పిల్లలూ బడికి పోయాక రోజంతా ఆమెను మనిషిగా నిలబెట్టింది అదొక్కటే.

మర్నాడు సామాను కోసం హైదరాబాదు పోతానన్నాడు జానీ పాషా. లండన్ సెట్టుకు లండన్ వాల్వులే కావాలని అతని వాదన. ఏం కావాలో ఆమె చీటీ రాసిచ్చింది. అతను చీటీని ఇంట్లోనే మరిచి, కోఠిలో నాలుగు దుకాణాలు తిరిగి, మధ్యలో బిర్యానీ తిని, చూడ్డానికి అందంగా ఉన్న ఒక వాల్వు తెచ్చాడు. దాని కాళ్లు ఈ సెట్టు గుంటల్లో దిగవు. బస్సు చార్జీ, బిర్యానీ, వాల్వు పోగా రెండు వందల్లో మిగిలింది పదకొండు రూపాయలు.

"కాళ్లు జర వంచితే పడుతయ్," అన్నాడు.

"నువ్వు పో, కౌంటర్ల ఎవలో వచ్చినట్టున్నరు," అంది ఆమె.

పదకొండు రూపాయలతో ఆమె పని మొదలుపెట్టింది. మూలన అటక మీద తండ్రి చిన్నకోడూరు నుంచి తెచ్చి వదిలేసిన పంచాయతీ రేడియోలు రెండు ఉన్నాయి, ఒక్కొక్కటి పెట్టె అంత. లండన్ సెట్టులో కాలిన రకం వాల్వులే వాటిలో బాగా ఉన్నాయి. వాల్వుకు జాతి ఎక్కడిది, నంబరు కలిస్తే చాలు. ఆ రేడియోల్లోంచే కండెన్సర్లు పీకి, ఒక్కోటి అంత వోల్టేజీ తట్టుకోదు గనుక రెండేసి వెనకా ముందూ కలిపి అతికించింది. కొత్త వైరు, సీసం పదకొండు రూపాయల్లో వచ్చాయి. స్పీకరు కాగితం ఎలుక కొరికి చిరిగింది. నకాషీలు బట్టకు పట్టించే చింతగింజల జిగురు ఇంట్లోనే ఉడికించి, పాత దుపట్టా పీలిక అద్ది అతికించింది. ఇంతా చేసి నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. మధ్యలో ఒక బల్బు కట్టింది, లోపల తప్పుంటే సెట్టు కాలకుండా బల్బు వెలుగుతుంది. బల్బు భగ్గున వెలిగింది. ఎక్కడో తప్పుంది.

నాలుగు రోజులు ఆ సెట్టు మూత విప్పే ఉంది. నాలుగు రోజులూ ఆమె దానితో మాట్లాడుతూనే ఉంది. అంతకు ముందెన్నడూ ఏ సెట్టుతోనూ అంత మాట్లాడలేదు.

మూడో రోజు జానీ పాషా తన పనితనం చూపించాలని లోపల వేలు పెట్టాడు. ప్లగ్గు తీసేసినా కండెన్సరు కరెంటును పట్టుకుని కూర్చుంటుందని అతనికి తెలియదు. అది అతన్ని గోడదాకా విసిరింది. లేచి, చెయ్యి దులుపుకుని, "జర పవరున్నది మాలుకు" అని మెచ్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "షమ్షూ, గీ ఎర్ర వైరు ఏడికి పోవాలె?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను కౌంటరుకు పోయి, అక్కడున్న గిరాకీతో, "ఎర్ర వైరు కాడనే ఉన్నది కిటుకంత" అని గట్టిగా చెప్పాడు.

చివరికి ఆమెకు తప్పు దొరికింది, బల్బు మసకబారింది. శుక్రవారం నాడు సామ్యూల్ వచ్చాడు. తంతి ఆఫీసులో పని, చర్చిలో ఆదివారం గిటారు. దామోదర్ అతన్ని మోత సరిచూడమని పంపాడు. ప్రారంభం రోజు పక్కన నిలబడి తీగెలు శ్రుతి చేసేదీ అతనే. పరదాకు ఇవతల స్టూలు మీద కూర్చుని, తన గిటారు వైరు లోపలికి అందించి, ఒక తీగె మీటాడు. సెట్టు లోపల నుంచి పలికింది. కండపట్టిన, నిండుగా ఉన్న మోత. సామ్యూల్ అదే తీగెను ఇంకోసారి మీటాడు. జానీ పాషా చాయ్ చెప్పడానికి పోయాక పరదా వైపు తిరిగాడు.

"చెల్లె, గిసొంటి ఆవాజ్ నా జన్మల ఇనలె. మల్గీ ముచ్చట సాయవ్వ జెప్పింది. ఒక్క వైరు ఊడదీస్తె అయిపాయె గద. ఇది బాగుగాదని జెప్పు."

"బాగైనదాన్ని గాలేదని ఎట్లంటనన్నా? నాకు గది రాదు," అంది షమ్షున్నీసా. "దొంగ పని జేశి కూసునుడు మా ఇంట్ల ఒక్కలకే వచ్చు."

ఆదివారం పొద్దున పదింటికి ముహూర్తం. ఎనిమిదిన్నరకే జీపు వచ్చి హారను మోగించింది. జానీ పాషా తెల్ల చొక్కా వేసుకుని లోపలికొచ్చాడు. ఆంప్లిఫయర్ బల్ల మీద వెనక పలక తీసి ఉంది. షమ్షున్నీసా కుంచె కోసం డబ్బా మూత తీస్తున్నది. అతను పలక తీసుకుని స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు.

"ఊడ్వలె ఇంక," అంది ఆమె.

"పన్నెండేండ్ల సంది రిపేర్లు జేస్తున్న, నాకే జెప్తున్నవా?" అన్నాడు. "లోపలంత తళతళ మెరుస్తున్నది. ఊడ్సుడు ఆడోళ్ల చాదస్తం. అవుతల పటేలు జీపు నిలవడ్డది."

ఏ మాటైనా అతనికి మూడుసార్లు చెబితే గాని ఎక్కదని ఆమెకు పన్నెండేళ్ల అనుభవం. ఎప్పుడూ మూడుసార్లు చెప్పేది. మూడోసారికి అతను విసుక్కుని వదిలేసేవాడు, దుకాణం పరువు నిలిచేది. ఇప్పుడు రెండోసారి చెప్పడానికి నోరు తెరిచింది. "నాకే జెప్తున్నవా" అన్న ఆ మొహాన్ని చూసింది. ఒకసారి చెప్పాను కదా అనుకుంది. కుంచెను డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది. ఆఖరి స్క్రూ బిగిశాక అతను పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి పోయాడు.

కాంప్లెక్సు ముందు షామియానా వేశారు. మూడు వందల మంది వచ్చారు, సగం మంది లడ్డూల కోసం. షమ్షున్నీసా బురఖా వేసుకుని సాయవ్వతో కలిసి రోడ్డుకు అవతల ఆడవాళ్లతో పాటు నిలబడింది. ఇప్పుడైనా పోయి చెబితేనో అనుకుంది. కాళ్లు కదల్లేదు. కదిలించాలని ఆమెకు లేదు కూడా.

దామోదర్ మైకు పట్టుకుని, తన త్యాగాల గురించి పావుగంట చెప్పాడు. ఏం త్యాగం చేశాడో చెప్పలేదు. తర్వాత జానీ పాషాను స్టేజీ మీదికి పిలిచి దండ వేశాడు.

"మన సిద్దిపేటల గిసొంటి కారీగర్ ఉన్నడని హైదరాబాదోళ్లకు సుత తెల్వది. లండన్ల చచ్చిన సెట్టును ఈడ బతికిచ్చిండు. మొదటి మల్గీ జానీకే. గిది దామోదర్ మాట."

జనం చప్పట్లు కొట్టారు. జానీ పాషా గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాడు. సామ్యూల్ ప్లగ్గు పెట్టాడు. దామోదర్ గిటారు మెడలో వేసుకుని మొదలుపెట్టాడు.

అతను ఏం వాయించాడో వదిలేద్దాం. మోత మాత్రం బాగుంది. అంత మంచి మోతలో అంత చెత్త వాయింపు వినడం జనానికి అదే మొదటిసారి. పాడైన మైకులో అయితే తప్పు మైకుది అనుకునేవాళ్లు. ఐదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు గడిచాయి. వాల్వులు ఎర్రగా కాగాయి. అప్పుడు ఆంప్లిఫయర్ గొంతు సవరించుకుంది.

"ఊడ్వలె ఇంక," అంది ఆడగొంతుతో, బస్టాండంతా వినబడేలా.

"పన్నెండేండ్ల సంది రిపేర్లు జేస్తున్న, నాకే జెప్తున్నవా?" అంది మగగొంతుతో.

దామోదర్ చెయ్యి ఆగిపోయింది. ముందు వరుసలో ఒక ముసలాయన తల పట్టుకున్నాడు. "అయ్యో, ఊడ్వకుంట ఇచ్చిన్రు. గింత అన్యాలమా," అన్నాడు. పక్కవాళ్లు ఔనంటే ఔనన్నారు. ఊడ్వని సెట్టు గిరాకీకి ఇవ్వడమంటే కడగని గిన్నెలో అన్నం పెట్టడమే. జానీ పాషా పరుగున పోయి ప్లగ్గు పీకాడు. కానీ పొట్టుకు కరెంటుతో పనేముంది, వేడి చాలు. వాల్వులు చల్లారేదాకా అది ఆగదు. మెకానిక్ అయితే ఆ మాత్రం తెలిసుండేది.

పొట్టు పైపొర నుంచి కిందికి ఒక్కొక్కటే కదిలింది.

"షమ్షూ, గీ ఎర్ర వైరు ఏడికి పోవాలె?"

"నల్ల మచ్చ ఉన్న కాలుకు. పచ్చది ముట్టకు, సస్తవ్."

తర్వాత ఆమె ఒక్కతే మాట్లాడింది. "థూ. ఈడ ఏలు పెట్టిండు, అందుకే గిది కాలింది. జానీ పాషా, ఓ జానీ పాషా, నీకు బల్బు మార్చుడు రాదు, గా మల్గీల కూసోని ఏం జేస్తవ్, ఈగలు కొట్టుకుంటవా? సాయమంట. నేను సాయం జేశిన్నంట. పన్నెండేండ్లు బువ్వ నేను వండి, మూతి నువ్వు తుడుసుకుంటివి. పటేలొకడు. గిటార్ పట్టుకుంటె బర్రెను రాయితోని రుద్దినట్టుంటది. గిసొంటోనికి లండన్ సెట్టు. నా బాపు పంచాయతీ రేడియోల కండెన్సర్లున్నయ్ బిడ్డా నీ లండన్ల."

పెట్టె మాట్లాడినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు. రిపేర్లు ఆమే చేస్తున్నదన్నందుకు కూడా ఎవరూ ఆశ్చర్యపోలేదు, అది పన్నెండేళ్లుగా తెలిసిందే. ఆడవాళ్ల వరుసలో మాత్రం కలకలం రేగింది. "మొగని పేరు తీసుకున్నది," అని ఒకామె నోరు నొక్కుకుంది. "రెండుపార్ల తీసుకున్నది," అని ఇంకొకామె సరిదిద్దింది. సాయవ్వ కొంగు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకుని నవ్వింది. బురఖా లోపల షమ్షున్నీసాకు చెమటలు పోశాయి. సిగ్గుపడాలని ఆమె ప్రయత్నించింది. రాలేదు.

ఇంకా కింది పొరల్లో క్లబ్బు ఉంది. గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరో దొర దగ్గు, ఆ తర్వాత ముప్పై ఏళ్ల కిందటి గిటారు. ఎవరు వాయించాడో గాని వేళ్లలో ఎముకల్లేనట్టు వాయించాడు. సామ్యూల్ కళ్లు తుడుచుకున్నాడు. దామోదర్ కూడా తేరుకున్నాడు. గబగబా వేళ్లు తీగెల మీద పెట్టి, కళ్లు మూసుకుని, ఆ మోతకు తగ్గట్టు తల ఊపడం మొదలుపెట్టాడు. పాట అయిపోగానే జనం చప్పట్లు కొట్టారు. అతను వంగి దండం పెట్టాడు. తిట్లు పెట్టెవి, చప్పట్లు తనవి. ఇలాంటివాడు ఎన్నికల్లో గెలవకపోతే ఎవరు గెలుస్తారు.

మైకులో ఇచ్చిన మాట గనుక మల్గీ మాత్రం జానీ పాషాకు ఇవ్వక తప్పలేదు. అతనూ తీసుకోక తప్పలేదు. సోమవారం బల్ల, కడ్డీ గల్లీలోనే వదిలేసి, మల్గీ షట్టరు ఎత్తి కూర్చున్నాడు. ఆ సోమవారమే గల్లీలో పాత దుకాణం ముందు ఏడు రేడియోలు, ఒక మైకుసెట్టు వచ్చి నిలబడ్డాయి. తెచ్చినవాళ్లు కౌంటరు ఖాళీగా ఉండడం చూసి, గొంతు సవరించుకుని, "షమ్షున్నీసాబీ" అని పిలిచారు. చెవిలో తెలిసిన సంగతిని ఎన్నేళ్లయినా తెలియనట్టు ఉండొచ్చు. మైకులో తెలిసింది తెలియదంటే నవ్వుతారు. షమ్షున్నీసా కడ్డీ పట్టుకునే బయటికొచ్చింది, కౌంటరు వెనక కుర్చీ లాక్కుని కూర్చుంది. మొగుడి పేరు తీసిన ఆడదాని దగ్గరికి పోవద్దని నలుగురు పెద్దలు నాలుగు రోజులు అన్నారు. ఐదో రోజు వాళ్ల రేడియోలు కూడా పాడయ్యాయి.

మల్గీకి మొదటి నెలలో ఒకే ఒక్క గిరాకీ వచ్చింది. ప్రారంభం రోజు ఊళ్లో లేని మనిషి. జానీ పాషా అతని రేడియోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "రేపు రా" అన్నాడు. తర్వాత దాని వంక చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాడు. మర్నాడు అతనికి రేడియో తిరిగిచ్చేసి, టార్చిలైట్లు తెచ్చి పెట్టాడు. తర్వాత పాటల క్యాసెట్లు పెట్టాడు. ఏ క్యాసెట్టు గురించైనా గంట మాట్లాడగలడు, వినకపోయినా సరే. క్యాసెట్లు వేడి మిర్చీల్లా పోయాయి. పన్నెండేళ్ల తర్వాత అతను ఏ పనికి పుట్టాడో ఆ పనిలో పడ్డాడు. ఇంట్లో మాత్రం జరిగిన దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్నం తిని, పడుకుని, లేచి పోయేవాడు. షమ్షున్నీసా ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది, కొట్లాడినా బాగుండేది. తప్పయిందంటుందని అతను, ఒప్పుకుంటాడని ఆమె, ఇద్దరూ వానాకాలం దాకా అలాగే గడిపారు.

శ్రావణంలో ఒక పొద్దున మల్గీలో పాటలు వినిపించే టేపురికార్డరు ఆగిపోయింది. అది లేకపోతే క్యాసెట్టు కొనేవాడు లేడు. జానీ పాషా దాన్ని చంకలో పెట్టుకుని గల్లీకి వచ్చాడు. కౌంటరు ముందు ఆరుగురున్నారు. ఇంటివాడిని కదా అని ముందుకు పోబోయాడు. చిన్నకోడూరు నుంచి వచ్చిన ఒక రైతు రేడియో అడ్డం పెట్టి, "ఎనక నిలవడు భాయ్, మేం బస్సు దిగి వచ్చినం," అన్నాడు. జానీ పాషా వెనక నిలబడ్డాడు. ఆరుగురూ అయ్యేసరికి ముప్పావు గంట పట్టింది.

షమ్షున్నీసా తల ఎత్తి చూసింది. "ఏమైంది దీనికి?"

అతను అలవాటు కొద్దీ టేపురికార్డరును చెవి దగ్గరికి ఎత్తబోయాడు. సగం దాకా ఎత్తి, దించి, కౌంటరు మీద పెట్టాడు.

"నాకు తెల్వది," అన్నాడు. "నాకు ఎన్నడు తెల్వది. నువ్వే జూడు."

ఆ మాట కోసం ఆమె పన్నెండేళ్లు ఎదురుచూసింది. వింటే కడుపు నిండుతుందనుకుంది. కానీ విన్నాక కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే ఒళ్లు మండింది. ఇంత చిన్న మాట, చెప్పడానికి ఊపిరి కూడా అక్కర్లేని మాట. ఇది అనలేకనా ఈ మనిషి ఇన్నేళ్లు ఆమె చేతుల్ని ఆమె చేతులు కావన్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

ఆమె టేపురికార్డరు అందుకుని, మూత విప్పి, లోపల వాసన చూసింది.

"రేపు రా," అంది.

"నేను ఇంటికే వస్త గద పొద్దుమీకి?"

"ఇంటికి రా. గిది మాత్రం రేపు పొద్దుగాల దుకాణం తెరిశినంక వచ్చి తీస్కపో," అని, ఆమె అతని వెనకున్న మనిషిని చూసి, "నీది ఏమైంది భాయ్?" అని అడిగింది.